ఎవరది?

"ఆ చప్పుడేంటి?" అన్నాడు రికార్డింగ్ కంపెనీ మేనేజరు, చెవులకున్న హెడ్‌ఫోన్లు చటుక్కున తీసేసి.

గిటారు పట్టుకుని నిలబడ్డ కోడలు పైకప్పు వైపు చూసింది. డ్రమ్ముల ముందు కూర్చున్న మరిది తల దించుకున్నాడు. ఇంటి కింద ఇదే కారు షెడ్డులో, ఒకే ఊపులో పాడి రికార్డు చేసిన పాట అది. ఈ కంపెనీ కూడా పెదవి విరిస్తే గిటారు అమ్మేస్తానని కోడలు ఇంట్లో అందరి ముందూ మాటిచ్చేసింది.

"మా అత్తగారండీ," అంది, ఇక దాచి లాభం లేదని. "పైన ఆవిడ గది. మేం పాడుతుంటే చేతికర్రతో నేల మీద బాదుతారు."

"ఆపమని," అన్నాడు మరిది. "మా అమ్మకి మా పాటంటే ఒళ్లు మంట."

మేనేజరు హెడ్‌ఫోన్ల తీగ పీకేశాడు. పాట వెనక్కి తిప్పి, ఈసారి స్పీకర్లో పెట్టాడు. మూసిన తలుపు అవతల ఎవరో ఉన్నారన్న పాట. గిటారు సన్నగా మూలుగుతోంది. "ఎవరది?" అని కోడలి గొంతు అడిగింది. గిటారు ఆగింది.

ధన్. ధన్. ధన్.

"ఇదిగో, చూడండి!" మేనేజరు చొక్కా చెయ్యి పైకి లాగాడు. రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. "పాత రాక్ పాటలు మనల్ని ఎందుకు వదలవంటారు? మాటలొక్కటే బాగుంటే చాలదు, గిటారొక్కటే బాగుంటే చాలదు. రెండూ కలిసి మనిషిని పాటలోకి లాక్కెళ్లాలి. మీ మాటలు నన్ను ఆ తలుపు దాకా తెచ్చాయి. సరిగ్గా ఆ ఖాళీలో ఆ చప్పుడు! లోపలికొచ్చి పడ్డాను. పాట తీసుకుంటున్నాం. ఆల్బమ్ మొత్తం మీదే. కానీ ఆ కర్ర కూడా ఉండాలి!"

మరిది ఎగిరి గంతేశాడు. అంతలోనే నీరుగారిపోయాడు. "అమ్మ చచ్చినా ఒప్పుకోదు వదినా."

వదిన అప్పటికే మెట్లెక్కేస్తోంది. మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లు దిగడమే మానేసిన అత్తగారు, కర్ర ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది.

"గెలిచాం అత్తయ్యా!" కోడలు ఆవిడ చేతులు పట్టేసుకుంది. "ఇన్నాళ్లూ మమ్మల్ని ఆపమని కొట్టారే, ఆ కర్రే గెలిపించింది!"

"ఆపమనా?" అత్తగారు తెల్లబోయింది. "ఎవరది, ఎవరది అని రోజూ గొంతు చించుకుని అడుగుతున్నది నువ్వే కదే! నేనేనని చెబుతుంటే ఒక్కరూ పలకరేం?"