మొదటి ఈల

"కదలకు," అన్నాడు ఎర్మెతె. కదిలింది లియార్కో కాదు, ఎర్మెతె చేతిలోని మంగలికత్తి. గడ్డం మీది నురగలో ఎర్రటి చుక్క తేలింది.

"ముప్ఫై ఏళ్ళుగా గీస్తున్నావు, ఇవాళ నా పీక మీదికొచ్చావేంటయ్యా!" లియార్కో అద్దంలోంచి నవ్వాడు. "అయినా నిన్న ఒపెరాలో నువ్వేసిన ఈలకి ఎన్ని గాట్లు పెట్టినా సరే! మేమంతా నోళ్ళు తెరుచుకు కూర్చుంటే నీ చెవొక్కటే ఆ తప్పు పట్టింది. ఆ తర్వాత గ్యాలరీ గ్యాలరీ అంతా అందుకుంది చూడూ!"

ఎర్మెతె గాటుకి పటిక అద్దాడు. పార్మాలో ఒపెరా చూస్తూ ఈల వేస్తే మెచ్చుకున్నట్టు కాదు, పరువు తీసినట్టు. శ్రుతి తప్పిన గొంతుకి పై గ్యాలరీ వేసే శిక్ష అది. ఎర్మెతె ఈల వేశాడంటే ఇక అప్పీలు లేదు. నిన్న ఆ ఈల దెల్ఫీనా అనే కొత్తమ్మాయి మీద, ఆమె మొట్టమొదటి ప్రదర్శనలో పడింది. తెర పడ్డాక నమస్కరించడానికి కూడా ఆ పిల్ల బయటికి రాలేదు.

"ఆదివారం పాడనందిట. వేరే గాయని కోసం మిలానుకి ఫోన్లు చేస్తున్నార్ట," అన్నాడు లియార్కో. "దెల్ఫీనా అన్నది అసలు పేరు కూడా కాదుట. ఆ రంగులూ, విగ్గూ కింద ఎవరి పిల్లో ఏమో!"

ఎర్మెతె కత్తి పక్కన పెట్టేశాడు.

"మొదటిరోజు కదా. చూసీచూడనట్టు ఊరుకోవాల్సింది."

"ఊరుకుంటే నువ్వు ఎర్మెతెవెలా అవుతావు? పోయినేడు ఆ బొద్దు గాయకుణ్ణి రైలెక్కించింది నువ్వు కాదూ? నిన్న కొత్త చొక్కా తొడుక్కుని పెళ్ళికొచ్చినట్టు వచ్చావని ఇవాళ జాలి పుట్టుకొచ్చిందా?"

మధ్యాహ్నం ఇంట్లో ఎర్మెతె భార్య ఈనెస్ సూపు గిన్నె బల్లమీద ఠపీమని పెట్టి లోపలికెళ్ళిపోయింది. నిన్న ఆవిడా గ్యాలరీలోనే ఉంది. అప్పట్నుంచీ అతనితో మాటల్లేవు. అతను చెంచా ముట్టుకోలేదు.

సాయంత్రం థియేటరు వెనక గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పూలకొట్టామె వయొలెట్లు ఇవ్వబోతే వద్దన్నాడు. ఆ ఊదారంగు రంగస్థలానికి అచ్చిరాదు. తెల్ల గులాబీలు తీసుకున్నాడు.

దెల్ఫీనా బయటికొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అతన్ని చూసి ఆగింది.

"మొదటి ఈల మీదేగా?"

అబద్ధమాడదామనుకున్నాడు. నోరు రాలేదు. "నాదే."

"ఎక్కడ తప్పాను?"

"పై స్వరానికి వెళ్ళేముందు ఊపిరి చాల్లేదు. వెంట్రుకవాసి కిందికి జారావు."

"మిగతావాళ్ళకి తెలిసిందా?"

"లేదు. నేను వేశాక వేశారు." తల వంచుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా."

"ఇవాళ మా సంగీత దర్శకుడూ సరిగ్గా ఆ చోటే చూపించాడు. పొద్దుట్నుంచీ దాన్నే సాధన చేస్తున్నా." అతని చేతిలోంచి గులాబీలు లాక్కుంది. "ఆదివారం నేనే పాడతాను. వస్తారా?"

"వస్తాను."

"మళ్ళీ జారితే?"

అతను తలెత్తాడు.

"ఈల వేస్తాను."

ఆమె ఫక్కున నవ్వి, అతని చెయ్యి పట్టుకుంది.

"పదండి నాన్నా, అమ్మకి నేను సర్దిచెప్తాలెండి."