నలభై రెండో నంబరు చొక్కా

ఆమె కోట్ల వెనక్కి వెళ్ళి దాక్కుందామని చూసేసరికి, అక్కడ అప్పటికే ఒకావిడ దాక్కుని ఉంది.

సెకండ్‌హ్యాండ్ బట్టల కొట్టులో చివరి వరస అది. ఇనప కమ్మీకి బరువైన పాత కోట్లు మోకాళ్ళదాకా వేలాడుతుంటాయి. వీధిలో తెలిసిన ముఖం కనబడితే తల దాచుకోవడానికి అంతకంటే అనువైన చోటు లేదని ఆమె మొదటి రోజే కనిపెట్టింది. ఆ సంగతి ఇంకొకరికి కూడా తెలుసని ఇవాళే తెలిసింది.

"వదినా! నువ్వా!"

"నువ్వా!"

ఆరేళ్ళ క్రితం దాకా పక్కింట్లో ఉన్న మనిషి. వీధంతా మిక్సీ వదిన అనేవారు. ఒకసారి ఆన్ అయిందంటే మూత గట్టిగా పట్టుకోవాల్సిందే. ఇల్లు మారాక మళ్ళీ కనబడలేదు.

"ఊరికే... దారిలో వెళ్తూ..." అంది మిక్సీ వదిన, చంకలో నాలుగు బట్టలు ఇరికించుకుని.

"నేనూ అంతే" అంది ఆమె, ఎండ లేని రోజున పెట్టుకున్న నల్ల కళ్ళజోడు సర్దుకుంటూ.

ఆమె సిగ్గుకి కారణం ఉంది. వాళ్ళాయన పెద్ద బట్టల షాపు కౌంటరు వెనక ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషి. గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి ఏ మిల్లుదో చెప్పేవారు. అలాంటాయన భార్య ఎవరో విడిచిన చొక్కాల్లో చేతులు పెట్టి వెతకడమా! అందుకే కొట్టాయనకి అనాథాశ్రమం కోసమని చెప్పింది. అడక్కపోయినా రెండుసార్లు చెప్పింది.

కానీ రాక తప్పదు. ఆయనకి బూడిదరంగు మీద సన్నటి నీలం గీతల చొక్కా తప్ప ఇంకోటి ఎక్కదు. ఆ గుడ్డ నేసిన మిల్లు మూతబడి చాలా కాలమైంది. బీరువా నిండా అవే చొక్కాలున్నాయి, ఒక్కటీ సరిపోవడం లేదు. సైజు మారిందంటే మాత్రం ఆయన ఒప్పుకోరు. కాలరు మడిచి లోపలి పట్టీ మీద నంబరు చూడందే చొక్కా తొడుక్కోరు. "నాది నలభై రెండు. పెళ్ళినాడూ అదే, ఇవాళా అదే" అంటారు.

బరువు చూసే మిషన్ అటక మీదికి చేరింది. వేలి ఉంగరం బీరువాలోకి చేరింది. బరువు గురించి డాక్టరు చెప్పిన మాట మాత్రం ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె తన కడుపులోనే పెట్టుకుంది. చొక్కా ఒంటికి సరిగ్గా కుదిరిన రోజున ఆయన రెండు ముద్దలు ఎక్కువ తింటారు. అదొక్కటీ ఆమెకి తెలుసు.

రేపు షాపులో ఆయనతో పనిచేసినవాళ్ళు ఐదుగురు ఇంటికి వస్తున్నారు. ఇవాళ దొరక్కపోతే ఇక లేదు.

అప్పుడు చూసింది. మిక్సీ వదిన చంకలోంచి ఒక కాలరు వేలాడుతోంది. బూడిదరంగు, నీలం గీతలు. పట్టీ మీద నంబరు కూడా కనబడింది. సరిగ్గా తనకి కావలసినదే.

"ఆ గీతల చొక్కా ఎవరికి వదినా?"

"ఎవరికీ కాదు. దిండు గలీబులు కుడదామని. పట్టుకుని చూడు, ఎంత మెత్తగా ఉందో! వీపు ముక్క ఒకదానికి, ముందు ముక్కలు రెండూ కలిపి ఇంకోదానికి."

కత్తెర తన వీపు మీదే ఆడినట్టయింది ఆమెకి.

"అది నాకిచ్చెయ్యి."

"నీకెందుకూ?"

అనాథాశ్రమం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అనాథాశ్రమానికైతే ఆ చొక్కానే ఎందుకు? కొట్టాయన ఇటే చూస్తున్నాడు. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చెవులు ఇటు పెట్టి, చేతులు బట్టల్లో పెట్టారు. ఆమె నల్ల కళ్ళజోడు తీసేసింది.

"మీ అన్నయ్యగారికి" అంది గట్టిగా. "ఆర్నెల్లుగా ఆయన చొక్కాలు ఇక్కడే కొంటున్నాను. ఇది మూడోది."

ప్లగ్గు పీకేసినట్టు మిక్సీ ఆగిపోయింది.

"అన్నయ్యగారికా? కొత్తగుడ్డ వాసన పీలిస్తే గానీ తెల్లవారదనే మనిషికా?"

"ఆయనకి తెలీదు. గోడౌన్లో మిగిలిపోయిన సరుకని చెప్తున్నాను."

"మరి ఇంట్లోవి ఏమయ్యాయి? తీగ మీద వరసగా అరడజను ఆరేసేదానివిగా!"

"సైజు మారిపోయింది వదినా. రెండు నెలలకోసారి మారిపోతోంది."

మిక్సీ వదిన పకపకా నవ్వింది. "ఇంట్లో కూర్చోబెట్టి మేపితే మారదూ! మా ఆయనా అంతే. కూర్చున్నప్పుడు గుండీ ఊడి ఎవరి కంట్లో పడుతుందోనని నాకు భయం. కాస్త నోరు కట్టుకోమని చెప్పు అన్నయ్యగారికి."

ఆమె కూడా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు తుడుచుకుంది.

"తీసుకో. దిండుకి ఏ గుడ్డయితేనేం" అంటూ మిక్సీ వదిన చొక్కా చేతిలో పెట్టింది. "నన్నిక్కడ చూసినట్టు మా కోడలికి మాత్రం చెప్పకు."

"నన్ను చూసినట్టు నువ్వు ఎవరికైనా చెప్పుకో" అంది ఆమె. కళ్ళజోడు సంచిలో పడేసి, కొట్టాయనకి డబ్బిచ్చి, వీధివైపు గుమ్మంలోంచే బయటికి నడిచింది.

ఇంటికొచ్చి చొక్కా ఉతికింది. గంజి పెట్టి ఆరేసింది. ఇస్త్రీ చేసి మడత పెడితే షాపు మడతలాగే ఉంది.

"దొరికిందా?" లోపలి గదిలోంచి ఆయన గొంతు.

"దొరికింది."

"నలభై రెండేనా?"

"మీది ఎప్పుడు మారింది గనక!"

"అదీ! రేపు వాళ్ళు చూస్తారుగా, నేనేం మారలేదని."

ఆమె సూదిలోకి దారం ఎక్కించి, కాలరు లోపల ముప్పై ఆరు అని ఉన్న పట్టీని జాగ్రత్తగా విప్పి, ఆ చోట ఆయన పాత చొక్కాలోంచి తీసిన నలభై రెండు పట్టీని కుట్టడం మొదలుపెట్టింది.