మారికుప్పం బండిలో అమెరికా ఇంగ్లీషు

“లిఫ్ట్ అనగూడదు పాపా, ఎలివేటర్ అను.”

మంజుల ఉలిక్కిపడి తలెత్తింది.

ఎదురు సీటులో ఒకావిడ. నలభై దాటి ఉంటాయి. వెలిసిపోయిన చీర, ఒళ్లో టిఫిన్ సంచి. మారికుప్పం నుంచి బెంగళూరు పోయే పొద్దుటి బండిలో అలాంటివాళ్లు పెట్టెనిండా ఉంటారు.

తను గొణుక్కుంటున్న పాఠం పైకే వినబడిపోయిందన్నమాట! మంజులకి సిగ్గేసింది.

“పరీక్షా?” అడిగిందావిడ.

“అవునక్కా. కాల్ సెంటర్. అమెరికావాళ్లతో ఫోన్లో మాట్లాడాల. పోయినసారి చెడగొట్టుకొనేసినా. అయినా ఇంకోసారి రమ్మన్నారు.”

“ఏమైంది?”

“ఒకాయన లిఫ్టులో ఇరుక్కొని ఫోన్ చేసినట్టు నాటకమాడినారు. నేను ‘విచ్ కేజ్, సార్?’ అనేసినా.”

గని కార్మికుల ఇళ్లుండే కోరమండల్ లైన్లలో పుట్టిన పిల్ల మరి. తాతా నాయనా బంగారు గనిలోకి దిగిందీ, పైకొచ్చిందీ కేజు అనే ఆ ఇనపబోనులోనే. పైకీ కిందికీ పోయేది ఏదైనా వాళ్లకి కేజే.

“నవ్వినారా?”

“జూ నుంచి వచ్చినావా అని పడీపడీ నవ్వినారు.”

ఆవిడకి రోషం పొడుచుకొచ్చింది.

“నవ్వుతారు, వాళ్లదేం పోయె! మా ఇంటాయన ఉన్నప్పుడు చెప్తా ఉండె. షిఫ్టు ముగిసి పైకొచ్చే కేజులో ఒక్కరికే చోటుంటే, ఎవరింట్లో కష్టం ఎక్కువో వాణ్ణి ముందెక్కించేవాళ్లంట. తక్కినోళ్లు కిందే నిలబడేవాళ్లు. ఏ ఎలివేటర్లో ఉండాది ఆ మర్యాద?”

మంజుల నవ్వింది. భయం కాస్త తగ్గింది.

“సరే, అదట్ల పెట్టు. టార్చి?”

“ఫ్లాష్‌లైట్.”

“పెట్రోలు?”

“గ్యాస్.”

“మనింట్లో గ్యాస్ అయిపోతే?”

“అమ్మ కట్టెలు పెడతాది.”

“బాగుండాది! కారు డిక్కీ?”

“డిక్కీ... డిక్కీనే కదక్కా?”

“ఇంగ్లండోళ్లు బూట్ అంటారు, అమెరికావోళ్లు ట్రంక్ అంటారు. డిక్కీ అనేది మనమే. ఇంగ, కలర్ రాసేటప్పుడు?”

“యు తీసేయాల. ఎందుకు తీసేసినారక్కా దాన్ని?”

“ఏమో తల్లీ, యాడికో పోవాలని తొందరేమో వాళ్లకి!”

టేకల్ దాటేసరికి మంజులకి ఆవిడంటే గౌరవం పుట్టేసింది. ఎంత బాగా చెబుతోంది! బళ్లో టీచర్లు కూడా ఇంత ఓపిగ్గా చెప్పలేదు.

“మీకివన్నీ ఎట్ల తెలుసక్కా?”

“మైను ఆఫీసులో టెలిఫోను కాడ ఉంటిని. మైను మూసినారు, నా పనీ పాయె. యాడన్నా దొరకకపోతుందా అని నేర్చుకుంటా ఉండాను.”

“ఈ వయసులో యాడిస్తారక్కా!” అనేసి మంజుల నాలుక కరుచుకుంది.

ఆవిడేం కోపగించుకోలేదు.

“మీ ఇంట్లో సంపాదించేది ఎవరమ్మా?”

“ఎవరూ లేరక్కా. నాయనకి ఊపిరితిత్తుల్నిండా గని దుమ్ము. వాకిట్లోకి వచ్చేదానికే ఆయాసం. ఈ పని రాకపోతే తమ్ముణ్ణి బడి మాన్పించాల.” మంజుల ముందుకు వంగింది. “ఈసారి ఒక్క ఖాళీకి ఇద్దర్ని పిలిచినారంట. ఆ రెండోదెవరో బెంగళూరు కాన్వెంటు పిల్లే అయ్యుంటాది. ఆ మహాతల్లికి ఈపొద్దు జ్వరమన్నా వస్తే బాగుండు!”

ఆవిడ ఫక్కుమంది. కొంగుతో కళ్లు తుడుచుకునేంత నవ్వు.

ఆ తర్వాత కిటికీవైపు తిరిగి బయటికి చూస్తూ కూర్చుంది. సాటిమనిషికి చెడు కోరుకున్నందుకు తనని అసహ్యించుకుందేమోనని మంజుల బాధపడింది.

మాలూరు దాటాక ఆవిడే ఇటు తిరిగింది.

“మళ్లీ మొదట్నుంచీ చెప్పు. ఈసారి నేను అమెరికావోణ్ణి. మంచి కోపంగా ఉండాను.”

అబ్బో, ఏం కోపం! ముక్కుతో మాట్లాడుతూ, మాటలు సాగదీస్తూ, ఇంగ్లీషులో చడామడా దులిపేసింది. మంజుల తడబడకుండా సముదాయించింది. పక్క సీటు ముసలమ్మ బెదిరిపోయి, “ఎందుకమ్మా కొట్లాడుకుంటారు, సర్దుకోండి” అని ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టింది.

“పాసైపోయినావు పో!” అందావిడ.

బండి దిగాక కూడా వదల్లేదు. “నాకూ ఆ పక్కే పని” అంటూ ఆఫీసు దాకా వచ్చింది.

“ముఖమంతా జిడ్డుగా ఉండాది. కడుక్కొని రా పో.”

మంజుల ముఖం కడుక్కుని వచ్చేసరికి ఆవిడ లేదు. ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయిందేమిటి?

అంతలోనే లోపలికి పిలిచారు.

ఈసారి కూడా ఎవరో ఎలివేటర్లో ఇరుక్కుని ఫోన్లో అరిచారు. రైల్లో ఆవిడ అరుపుల ముందు ఈ అరుపులు ఏపాటివి! మంజుల తొణక్కుండా, నవ్వుతూ జవాబు చెప్పింది.

“సోమవారం నుంచి వచ్చెయ్యండి” అన్నాడు పెద్దాయన.

మంజుల కళ్లలో నీళ్లు తిరిగాయి. నాయన గుర్తొచ్చాడు. ఆ వెంటనే రైలు అక్క గుర్తొచ్చింది. ఎక్కడుంటుందో, పేరేమిటో కూడా అడగలేదు. ఛ! దారిపొడుగునా తన గోలే తప్ప ఆవిడ సంగతి ఎక్కడ అడిగింది?

రేపు పొద్దున బండిలో వెతికి పట్టుకోవాలి. కాళ్లకి దండం పెట్టాలి.

బయటికి వస్తూ ఆగింది. జ్వరం రావాలని కోరుకున్న మనిషి ఒకతె ఉంది కదా. మనసు పీకింది.

రిసెప్షన్‌లో ఉన్న తెలుగమ్మాయిని మెల్లగా అడిగింది.

“మేడమ్, నాతోపాటు పిలిచిన ఆ రెండో ఆమె రాలేదా?”

“వచ్చారు కదండీ, నారాయణమ్మ గారు. పోయినసారి అందరికంటే బాగా చేసింది ఆవిడే. మీరు ముఖం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, ఉద్యోగం తనకొద్దని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయారు.”