వేళ్ల సందులు

అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఈ కార్డు నింపడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అప్పట్లో మా పక్కింటి కొండల్ తన తొమ్మిదేళ్ల కూతురు రిషితను బూటుతో వీపు మీద మళ్లీ కొట్టాడు.

"బూట్లు లేకుండ బడికి పోతే సార్ ఎల్లగొట్టిండట! ఏసుకుంటవా, సస్తవా?"

"కాళ్లు మంటలేస్తున్నయ్ బాపూ!"

"దొంగ ఏషాలు!" అంటూ మెడ పట్టి కింద పడేసి, తడి సాక్సు బలవంతంగా తొడిగాడు. పిల్ల కెవ్వుమని దాన్ని లాగేసింది. కాలి వేళ్ల సందుల్లో తెల్లగా నానిన తోలు సాక్సుతో పాటే ఊడి వచ్చింది. నెత్తురు కారింది.

తల్లి ఊర్మిళ ఉరికివచ్చి మొగుణ్ని ఒక్క తోపు తోసింది. అతను గోడకు కొట్టుకుని కూలబడ్డాడు. ఆమె అతని పాదం పట్టి పైకెత్తింది.

"నీ వేళ్లు సూడు! మూడేండ్ల సంది గోక్కుంటున్నవ్. దవాఖానకు నడువంటే మగోనికి గిదో రోగమా అంటివి. నువ్వు కాళ్లు తుడిసిన తువ్వాలతోనే పిల్ల తుడుసుకుంటది. వానల తడిసిన బూట్లు ఆరకముందే తొడుగుమంటవ్. అంటుకోక ఏమైతది?"

కొండల్ పాదాన్ని వెనక్కి లాక్కోబోయాడు.

రిషిత ఏడుపు ఆపి, తండ్రి కాలి దగ్గరకు వంగి చూసింది.

"నీకు గూడ గిట్లనే ఉన్నదా బాపూ? మరి నిన్నెవలు కొట్టలేదా?"

– కొమురమ్మ, అరవై నాలుగేళ్లు, ఇప్పుడు బయ్యారంలో కూతురి దగ్గర ఉంటున్నాను.