కేబుల్ కేసు

"సార్, సముద్రంలో కేబుళ్లకి కొత్త చట్టం వస్తాండాదంట. నిజమేనా?"

కుప్పం కోర్టు ఎదుట తన గదిలో లాయరు భీమరావు తలెత్తి చూశాడు.

గుమ్మంలో ఒక ముసలాయన. నిలబడటానికే ఆయాసపడుతున్నాడు.

పొద్దుటి నుంచి వాయిదాలతో భీమరావు కూడా అలసిపోయి ఉన్నాడు.

"వస్తాదంటుండారు. కేబుల్ తెంపినోళ్లకి జైలంట. నీకు యాల?"

"నా పేరు మునెప్ప సార్. మాది రామకుప్పం. ఊర్లో వానల్లేక మద్రాసు రేవుకు పోయి, శానా ఏండ్లు పడవ నడిపినా. ఒకసారి మా వల పోయి కేబుల్‌కు తగులుకునింది. ఎంత లాగినా రాలేదు. ఇంక దారి లేక కోసేసినా."

భీమరావుకు ఒళ్లు మండింది.

ఆమధ్య సముద్రంలో ఎక్కడో కేబుల్ తెగి ఇంటర్నెట్ నత్తనడక పట్టింది. ఆన్‌లైన్‌లో జరుగుతున్న బెయిల్ విచారణ మధ్యలోనే ఆగిపోయింది. ఆయన కక్షిదారు, పుంగనూరు పాలవ్యాపారి, పుట్టిన బిడ్డను చూడకుండా ఇంకొన్నాళ్లు మదనపల్లె సబ్‌జైల్లోనే ఉండిపోయాడు.

"కోసేది కోసేసి, ఇప్పుడు చట్టం అనంగానే భయం పట్టుకునిందా?"

"అది కాదు సార్. మాలాంటోళ్ల గురించి ఆ చట్టంలో ఒక మాట పెట్టమని ఢిల్లీకి అర్జీ..."

"మీలాంటోళ్ల గురించి పెట్టేవుంటారు. జైలని. పోవయ్యా!"

మునెప్ప ఏదో చెప్పబోయాడు. ఓపిక చాలక ఊరుకున్నాడు. గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

వానలు మొదలయ్యాక ఒకామె వచ్చింది. పేరు ఆదెమ్మ. భర్త పోయాడు, పింఛనుకు అఫిడవిట్ కావాలంది.

ఆమె చూపించిన ఫోటోలో మునెప్ప.

భీమరావు ఫోటో చేతిలోకి తీసుకున్నాడు.

"ఈయన కేబుల్ కోసినాడు కదమ్మా. దానికి కేసేమన్నా పెట్టినారా?"

"కేబులా?" ఆదెమ్మ నీరసంగా చూసింది. "కోసింది వలను కదప్పా! ఆ తీగ తెగితే ఊర్లకు ఊర్లు ఫోన్లు ఆగిపోతాయని, కొత్త వలను కోసి సముద్రంలో వదిలేసినాడు. వల పోయినాక పడవా నిలబడలేదు. ఈడికి వచ్చేసినాం."

"మరి అర్జీ... నష్టపరిహారం కోసమా?"

"మాకింక యాడ వస్తాదప్పా? వల పోగొట్టుకున్నోళ్లని ఆదుకుంటామని చట్టంలో రాస్తే, ఇంకే పడవోడూ కేబుల్ మీద కత్తి పెట్టడని సచ్చేదాకా అదే మాట."