ముందుకొచ్చిన పిక్క

డాక్టరుగారు కట్టు విప్పగానే మా ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నారు. లారీ గీరేసి మోకాలి కింద ఎముక బయటపడిన చోట, వెనకున్న పిక్క కండనే చర్మంతో సహా ముందుకు తిప్పి కుట్టారు.

“చూడండీ, బొద్దుగా భలే ఉంది,” అన్నాను.

“చచ్చిన ముద్దని నేను చూడను. కాలు తీసేస్తారని మీరిద్దరూ కలిసి నా దగ్గర దాస్తున్నారు.”

డాక్టరుగారు నాకు సైగ చేశారు. ఆ ముద్దను గిల్లాను. పెళ్లయినప్పట్నుంచీ ఉన్న కసి కూడా కలిసిందేమో, కాస్త గట్టిగానే పడింది.

“అబ్బా! వెనక పిక్క మీద గిల్లిందెవర్రా?”

“వెనక ఎవరూ లేరు. నేను ముందు గిల్లాను.”

“కండే కాదు, నరం కూడా బతికే ఉంది,” డాక్టరుగారు నవ్వారు. “చోటు మారిన సంగతి దానికింకా తెలీదు, అంతే.”

ఆయన ఒక కన్ను తెరిచి కాలు చూసుకున్నారు. కాసేపటికి రెండోదీ తెరిచారు.

“ఏమేవ్, ఇంకోసారి గిల్లు.”