సొంత బండికి దొంగ

తన బైకును తానే దొంగిలించిన నాలుగో రోజున, ఆ దొంగతనం విషయంలో ఇంకొకడు కాణిపాకంలో ప్రమాణం చేయబోతున్నాడని బాలచంద్రకు తెలిసింది.

కాఫీ అందిస్తూ భార్య లోకేశ్వరి ఆ మాట మామూలుగానే చెప్పింది. "నా అనుమానమంతా మెకానిక్ పెంచలయ్య మీదే. దాని గుట్టు తెలిసినోడు చిత్తూరులో వాడొక్కడే. పోలీసులొద్దంటివి కదా. రేపు పొద్దున్నే కాణిపాకం పోదాం. తలకు పోసుకోని, తడిబట్టలతో వినాయకుడి ముందర 'నేను తీయలేదు' అని చెప్పమను. వస్తానన్నాడు."

బాలచంద్ర కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

సూపర్‌ఛార్జర్ ఉన్న బైకు అది. రెండువందల గుర్రాల బలం. నలభై ఆరేళ్లు వచ్చేదాకా స్టీలు సామాన్ల అంగట్లో కూర్చుని కూర్చుని, తన లోపల ఇంకెవడో ఉన్నాడని నమ్మి కొన్నాడు. ఆ ఇంకెవడో మొదటి నెలలోనే బయటపడ్డాడు. పిరికివాడు. బైపాస్‌లో ఒకే ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పితే చింతచెట్లు మీదికి పరుగెత్తుకొచ్చాయి. మూడు రోజులు దాని తాళం ముట్టుకోలేదు. ఊళ్లో తిప్పుదామంటే స్పీడ్‌బ్రేకర్లకు దాని కడుపు గీసుకుంటుంది, సిగ్నల్ దగ్గర తొడలు కాలుతాయి. కూరగాయల సంచి తగిలించడానికి ఒక కొక్కెమైనా లేదు. అయినా సాయంత్రం ఇంటి ముందు నిలబెడితే చాలు, పదిమంది గుమిగూడి అతన్ని వేరే మనిషిలా చూసేవారు. ఆ చూపు వదులుకోలేకపోయాడు.

అమ్మితే ఎందుకమ్మినావని అడుగుతారు. పోయిందంటే అయ్యో పాపమంటారు. అందుకే లోకేశ్వరి ఏదో పెళ్లికని పుత్తూరు వెళ్లిన రోజు, ఆ బండిని నడిపే ధైర్యం చాలక, మినీ లారీకి ఎక్కించి పాకాల తీసుకెళ్లి, తెలిసినవాళ్లది మూతపడిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ షెడ్డులో దాచి తాళం వేశాడు.

ఇన్నాళ్లూ దాన్ని 'ఇనుప దున్నపోతు' అని ఎగతాళి చేసిన భార్య, అది పోయినప్పటి నుంచీ అన్నం సరిగా తినడం లేదు. తన బాధను ఆమె పంచుకుంటోందనుకున్నాడు. ఆ ప్రేమకు లోలోపల మరింత కుంగిపోయాడు.

మరునాడు గుడిలో పెంచలయ్య నీళ్లు కారుతూ, తొణక్కుండా నిలబడ్డాడు. నిజం చెప్పేవాడికి భయమెందుకు, వాడు చెప్పేస్తే ఈ గొడవ ముగుస్తుందని బాలచంద్ర తనకు తాను నచ్చజెప్పుకుంటున్నాడు.

"పెంచలయ్య అయినాక నువ్వు," అంది లోకేశ్వరి.

"నేనెందుకే?"

"వాడు తీయలేదని వాడు చెప్పల్ల, నీ బండిని దొంగలెత్తుకుపోయినారని నువ్వు చెప్పల్ల. వాడొక్కడే తడిస్తే న్యాయమా? పో, తలకు పోసుకోనిరా."

బాలచంద్ర దేవుడివైపు చూశాడు, వెంటనే తల దించుకున్నాడు. అబద్ధాన్ని ఇంట్లో మోయడం తేలికే. ఇక్కడ అది మోయలేనంత బరువైంది.

"ఆగప్పా పెంచలయ్యా. నువ్వేమీ చెప్పద్దు. బండిని ఎవురూ ఎత్తుకుపోలేదు. నేనే పాకాల గుజ్జు ఫ్యాక్టరీ షెడ్డులో దాచినా."

"ఎందుకు సామీ?"

"అదంటే నాకు భయం."

ఆ మాట పైకి అన్నాక గుండె ఎంత తేలికపడిందో అతనికే ఆశ్చర్యమేసింది. ఇక భార్య నోటికి సిద్ధపడ్డాడు. పెంచలయ్య పంచె కొంగు పిండుకుంటూ "దొరికింది కదక్కా," అన్నాడు.

లోకేశ్వరి భర్త ముందు చేయి చాపింది.

"షెడ్డు తాళం, బండి తాళం రెండూ ఇట్లియ్యి. నువ్వే తీసినావని మొదటి రోజే నీ మొగంలో కనిపించింది, యాడ పెట్టినావో తెలీకనే ఈ తిప్పలు. నువ్వు అంగడికి పోయినాక పెంచలయ్య దినామూ నాకు బండి నేర్పిస్తా ఉంటే, సరిగ్గా మూడో గేరు కాడికి వచ్చినాక ఆపేస్తివి కదబ్బా."